మీ పిల్లికి షుగర్ ఉందా? ఇన్సులిన్ డోసు సొంతంగా పెంచేయకండి.. సిరంజి మూత రంగు చూశారా?

మనుషులకే కాదు.. పిల్లులకీ షుగర్ వస్తుంది. మనలాగే వాటికీ ఇన్సులిన్ సూదులు వేయాల్సి వస్తుంది. అదీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. డాక్టర్ చెప్పిన డోసు ఇస్తున్నా మీటర్‌లో 350, 400 కనిపిస్తే కంగారు పుట్టడం సహజం. "ఇంకో యూనిట్ వేస్తే పోలా?" అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే ప్రమాదం ఉంది.

తుర్కయాంజాల్, రాగన్నగూడ, ఇంజాపూర్.. సాగర్ రోడ్డు పొడవునా కొత్త కాలనీలు, అపార్ట్‌మెంట్లు పెరిగాయి. ఇళ్లలో పిల్లుల్ని పెంచుకునేవాళ్లూ కనిపిస్తున్నారు. రోజంతా ఫ్లాట్‌లోనే తిరుగుతూ, గిన్నెలో ఎప్పుడూ డ్రై ఫుడ్ ఉండే పిల్లి లావెక్కడం చాలా తేలిక. ఆ లావే షుగర్‌కు పెద్ద కారణం. అందుకే డోసు విషయంలో ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు అనేది ఒకసారి వివరంగా చూద్దాం.

ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. షుగర్ ఎక్కువగా ఉంటే నష్టం రోజులు, వారాల మీద జరుగుతుంది. షుగర్ పడిపోతే గంటల్లోనే ప్రాణం పోవచ్చు. డోసు గురించి తీసుకునే ప్రతి నిర్ణయం వెనక ఉండేది ఇదే లెక్క.

పిల్లికి షుగర్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

పిల్లుల్లో వచ్చేది ఎక్కువగా మనుషుల టైప్-2 షుగర్‌ లాంటిదే. ఒంట్లో ఇన్సులిన్ తయారవుతున్నా సరిగా పని చేయదు. రానురాను తయారీ కూడా తగ్గిపోతుంది. వయసు పైబడినవి, లావుగా ఉన్నవి, ఆపరేషన్ చేయించిన మగ పిల్లుల్లో ముప్పు ఎక్కువ. స్టెరాయిడ్ మందులు వాడినా రావొచ్చు.

ఈ లక్షణాలు కనిపిస్తే అనుమానించాలి:

- నీళ్లు విపరీతంగా తాగడం
- లిట్టర్ బాక్స్‌లో మూత్రం గడ్డలు పెద్దవిగా, ఎక్కువగా ఉండటం
- బాగా తింటున్నా చిక్కిపోవడం
- వెనక కాళ్లు బలహీనపడి, మడమలు నేలకు ఆనించి నడవడం

ఇక్కడ ఓ చిక్కుంది. పిల్లిని బుట్టలో పెట్టి, ఆటోలో తీసుకెళ్లి, కుక్కలు మొరిగే క్లినిక్‌లో కూర్చోబెడితే.. ఆ భయానికే దాని షుగర్ పెరిగిపోతుంది. షుగర్ జబ్బు లేని పిల్లికి కూడా ఒక్కోసారి 300 దాటి చూపిస్తుంది. అందుకే ఒక్క రక్త పరీక్షతో తేల్చరు. మూత్రంలో షుగర్ చూస్తారు. అవసరమైతే ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష చేయిస్తారు. మనకు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నట్టే, పిల్లులకు గత ఒకటి రెండు వారాల పరిస్థితిని ఈ పరీక్ష చెబుతుంది.

డోసు కంటే ముందు.. సిరంజి సంగతి

పిల్లి డోసు ఎంత చిన్నదంటే.. ఒక యూనిట్, ఒకటిన్నర యూనిట్. ఇంత తక్కువలో చిన్న తేడా కూడా చాలా పెద్దదే. మన దగ్గర ఈ తేడా రావడానికి ఎక్కువ అవకాశం ఉన్నది సిరంజి దగ్గర.

మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు రకాల గాఢతల్లో దొరుకుతుంది. యూ-40 అంటే ఒక మిల్లీలీటర్‌లో 40 యూనిట్లు. యూ-100 అంటే అదే మిల్లీలీటర్‌లో 100 యూనిట్లు. వాటికి సిరంజిలు కూడా వేర్వేరు. యూ-40 సిరంజికి ఎర్ర మూత, యూ-100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది.

ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో షుగర్ ఉండి సీసా ఇన్సులిన్ వాడుతుంటే, ఫ్రిజ్ పక్కన ఎర్ర మూత సిరంజిలు ఉండే అవకాశం ఎక్కువ. పిల్లికేమో డాక్టర్లు ఎక్కువగా రాసేది గ్లార్జిన్. లాంటస్ లాంటి పేర్లతో దొరికే ఈ మందు యూ-100. దాన్ని ఎర్ర మూత సిరంజితో తీస్తే ఏమవుతుందో చూడండి:

- ఇవ్వాల్సింది 1 యూనిట్.. ఎర్ర మూత సిరంజిలో 1 గీత వరకు తీస్తే పిల్లికి వెళ్లేది 2.5 యూనిట్లు
- ఇవ్వాల్సింది 2 యూనిట్లు.. వెళ్లేది 5 యూనిట్లు

అంటే రెండున్నర రెట్లు. నాలుగు కిలోల పిల్లికి ఇది ప్రాణం మీదకు తెచ్చే డోసు. తారుమారైతే ఇంకో సమస్య. యూ-40 మందును నారింజ మూత సిరంజితో 2 గీతల వరకు తీస్తే వెళ్లేది 0.8 యూనిట్ మాత్రమే. అప్పుడు "డోసు పని చేయట్లేదు" అని పెంచేస్తారు. తర్వాత ఎవరో సరైన సిరంజి తెచ్చిన రోజు పిల్లి ఒక్కసారిగా పడిపోతుంది.

కాబట్టి మెడికల్ షాపులో సిరంజి అడిగేటప్పుడు "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అంటే సరిపోదు. సీసా మీద ఉన్న అంకె, సిరంజి మీద ఉన్న అంకె ఒక్కటేనా అని అక్కడే చూసుకోండి. యూ-100లో 0.3 మిల్లీలీటర్ల చిన్న సిరంజిలు ఉంటాయి. వాటిలో అర యూనిట్ గీతలు ఉన్నవి పిల్లులకు బాగా పనికొస్తాయి. పెన్ను వాడితే, అది అర యూనిట్ చొప్పున తిరుగుతుందా లేక ఒక్కో యూనిట్ చొప్పునేనా అని అడగండి.

ఇంకోటి.. ఇంట్లో పెద్దవాళ్లు వాడే మిక్స్‌డ్ ఇన్సులిన్ పిల్లికి వేయకూడదు. "అదీ ఇన్సులినే కదా" అనుకోవద్దు. ఒక్కో రకం పనిచేసే వేగం వేరు, పనిచేసే సమయం వేరు.

మొదటి డోసు అంత తక్కువ ఎందుకు?

అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2018లో కుక్కలు, పిల్లుల షుగర్‌ మీద గైడ్‌లైన్స్ ఇచ్చింది. దాని ప్రకారం పిల్లికి మొదట 12 గంటలకోసారి 1 నుంచి 2 యూనిట్లు మాత్రమే. పిల్లి ఎంత లావుగా ఉన్నా మొదటి డోసు 2 యూనిట్లు దాటకూడదు.

"మా పిల్లికి 400 ఉంటే 1 యూనిట్ ఏం సరిపోతుంది?" అని అడగొచ్చు. సరిపోకపోవచ్చు. కానీ మొదటి డోసు ఉద్దేశం షుగర్‌ను వెంటనే నార్మల్ చేయడం కాదు. పిల్లి ఒళ్లు ఈ మందుకు ఎలా స్పందిస్తుందో భద్రంగా చూడటం. అదీగాక గ్లార్జిన్ లాంటి మందు చర్మం కింద నిల్వ ఉండి మెల్లగా కరుగుతుంది. దాని పూర్తి ప్రభావం కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇవాళ వేసి రేపు ఫలితం చూసి డోసు పెంచితే, నాలుగో రోజుకు పాతదీ కొత్తదీ కలిసి షుగర్‌ను కిందకు లాగేస్తాయి.

డోసు మార్చేది ఏ నంబర్ చూసి?

అసలు విషయం ఇదే. చాలామంది చూసేది సూదికి ముందు వచ్చే నంబర్. అది ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. ఎందుకంటే అప్పటికి ముందు వేసిన మందు ప్రభావం అయిపోవస్తుంది. డాక్టర్ చూసేది.. రెండు సూదుల మధ్య షుగర్ ఎంత కిందకు దిగింది అని. దాన్ని తెలుసుకోవడానికి 12 గంటల పాటు రెండు గంటలకోసారి షుగర్ చూస్తారు. దీన్నే గ్లూకోజ్ కర్వ్ అంటారు.

ఉదాహరణకు రెండు పిల్లులు ఉన్నాయనుకుందాం. రెండింటికీ పొద్దున 7 గంటలకు 380 ఉంది.

మొదటి పిల్లి: 7 గంటలకు 380, 9కి 310, 11కి 210, మధ్యాహ్నం 1కి 120, 3కి 105, 5కి 190, రాత్రి 7కి 340.

రెండో పిల్లి: 7 గంటలకు 380, 9కి 350, 11కి 320, మధ్యాహ్నం 1కి 290, 3కి 280, 5కి 310, రాత్రి 7కి 370.

పొద్దున, రాత్రి నంబర్లు మాత్రమే చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. రెండింటికీ డోసు పెంచాలనిపిస్తుంది. కానీ మొదటి పిల్లి మధ్యాహ్నం 105కు దిగింది. దానికి ఇంకో యూనిట్ పెంచితే మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని టైమ్‌లో 50కి పడిపోవచ్చు. రెండో పిల్లి 280 కంటే దిగనే లేదు. దానికి డాక్టర్ కొంచెం పెంచుతారు.

అదే గైడ్‌లైన్స్ ప్రకారం కర్వ్‌లో అతి తక్కువ నంబర్ 80 నుంచి 150 మధ్య ఉండాలి. దాన్ని బట్టి డాక్టర్లు స్థూలంగా ఇలా వెళ్తారు:

- అతి తక్కువ నంబర్ 150 కంటే పైనే ఉండి, లక్షణాలు కూడా తగ్గకపోతే.. అర యూనిట్ నుంచి 1 యూనిట్ పెంపు
- 80 నుంచి 150 మధ్య ఉంటే.. అదే డోసు కొనసాగింపు
- 80 కంటే తక్కువకు వస్తే.. డోసు తగ్గింపు
- షుగర్ పడిపోయిన లక్షణాలు కనిపిస్తే.. వెంటనే చికిత్స, ఆ తర్వాత డోసులో పెద్ద కోత

ఒకసారి మార్చాక మళ్లీ పెంచాలంటే మామూలుగా 7 నుంచి 14 రోజులు ఆగి, మళ్లీ కర్వ్ చూస్తారు. తగ్గించడానికి మాత్రం ఆగాల్సిన పని లేదు. పెంచడానికి వారం, తగ్గించడానికి ఆ రోజే.. ఇది గుర్తుంటే చాలు.

నంబర్లతో పాటు పిల్లి ఎలా ఉందన్నదీ ముఖ్యమే. నీళ్లు తాగడం తగ్గి, బరువు నిలబడి, హుషారుగా తిరుగుతుంటే ఒక్క పూట 320 వచ్చిందని డోసు మార్చరు.

ఇంట్లో చెక్ చేయొచ్చా?

చేయొచ్చు. నిజానికి ఇంట్లో చూసిన నంబరే ఎక్కువ నమ్మకమైనది. క్లినిక్ భయం ఉండదు కాబట్టి. చెవి అంచున ఉండే సన్నటి నరం దగ్గర చిన్నగా గుచ్చి చుక్క రక్తం తీస్తారు. ముందు చెవిని వెచ్చటి గుడ్డతో కాసేపు పట్టుకుంటే రక్తం తేలిగ్గా వస్తుంది. మొదటిసారి డాక్టర్ దగ్గర చూసి నేర్చుకోండి.

మనుషుల గ్లూకోమీటర్ వాడితే ఒక తేడా ఉంటుంది. పిల్లుల రక్తంలో అది అసలు కంటే తక్కువ చూపిస్తుంటుంది. జంతువుల కోసం చేసిన మీటర్లు వేరే ఉన్నాయి. ఏదైనా పర్లేదు కానీ ఎప్పుడూ ఒకే మీటర్ వాడండి. ఏది వాడుతున్నారో డాక్టర్‌కు చెప్పండి. ఇవాళ ఒకటి, రేపు ఇంకోటి అయితే నంబర్లు పోల్చలేం.

చర్మానికి అతికించే ఫ్రీస్టైల్ లిబ్రే లాంటి సెన్సర్లు కూడా పిల్లులకు వాడుతున్నారు. 14 రోజుల వరకు పనిచేసేలా వాటిని తయారు చేశారు. పిల్లి గీక్కుని ముందే ఊడగొట్టే అవకాశం ఉంది. అది తక్కువ చూపిస్తే మాత్రం ఒకసారి రక్తం చుక్కతోనూ చూసుకోవడం మంచిది.

తినలేదు, కక్కింది, సూది మిస్ అయింది.. అప్పుడెలా?

రోజువారీ గందరగోళం ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

పిల్లి తినకపోతే: ఫుల్ డోసు వేయకండి. ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి. అసలు మొదటి రోజే "తినకపోతే ఎంత వేయాలి? సగం తింటే ఎంత?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

సూదికి ముందు నంబర్ తక్కువగా ఉంటే: ఎంత కంటే తక్కువ ఉంటే సూది ఆపాలో కూడా ముందే రాయించుకోవాలి. ఆ నంబర్ ఒక్కో పిల్లికి ఒక్కోలా ఉండొచ్చు.

సూది వెళ్లిందో లేదో అనుమానం వస్తే: పిల్లి కదిలింది, బొచ్చు తడిగా అనిపించింది.. అయినా మళ్లీ వేయకండి. తర్వాతి టైమ్‌కు మామూలు డోసు వేయండి. ఒక పూట తక్కువైతే పెద్దగా ఏమీ కాదు. రెండుసార్లు పడితేనే ప్రమాదం.

ఒక పూట మర్చిపోతే: తర్వాతి పూట డబుల్ చేయకూడదు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఉంటే "నువ్వు వేశావనుకున్నా" అనే పరిస్థితి రాకూడదు. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, వేసిన వాళ్లే టైమ్, డోసు రాయాలి. రాయకపోతే వేయనట్టే అని కాదు.. అడిగి నిర్ధారించుకున్నాకే వేయాలి.

షుగర్ పడిపోతే ఏం చేయాలి?

నీరసం, తూలుతూ నడవడం, వణుకు, ఒక్కసారిగా ఆకలి, వింతగా అరవడం, దాక్కోవడం.. ఇవి మొదటి సంకేతాలు. ముదిరితే ఫిట్స్, స్పృహ కోల్పోవడం. మీటర్‌లో 60 అంతకంటే తక్కువ చూపిస్తే లక్షణాలు లేకున్నా ఎమర్జెన్సీ కిందే లెక్కేసుకోండి.

- మెలకువగా ఉండి మింగగలిగితే: వెంటనే తిండి పెట్టండి
- తినకపోయినా, తూలుతున్నా: ఒక టీస్పూన్ తేనె గానీ, కొద్ది నీళ్లలో చిక్కగా కలిపిన గ్లూకోజ్ పొడి గానీ చిగుళ్లకు రాయండి
- స్పృహ లేకపోతే: నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిగుళ్లకు కొద్దిగా రాసి వెంటనే బయల్దేరండి
- ఫిట్స్ వస్తుంటే: నోట్లో వేలు పెట్టకండి, కరుస్తుంది

షుగర్ ఫ్రీ తీపి పొడులు దీనికి పనికిరావు. వాటిలో గ్లూకోజ్ ఉండదు. పిల్లి కోలుకున్నట్టు కనిపించినా డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిందే. ఒంట్లో మందు ఇంకా పని చేస్తూనే ఉంటుంది కాబట్టి మళ్లీ పడిపోవచ్చు. డాక్టర్ చెప్పేదాకా తర్వాతి సూది వేయొద్దు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఎమర్జెన్సీ కూడా ఉంది. షుగర్ అదుపు తప్పి, పిల్లి తినడం మానేసి, కక్కుతూ, మందకొడిగా పడి ఉంటే అది కీటోఅసిడోసిస్ కావొచ్చు. దాన్ని ఇంట్లో డోసు పెంచి సరిచేయలేం. ఆస్పత్రికి వెళ్లి సెలైన్ ఎక్కించుకోవాల్సిందే.

పాలన్నం మానిపిస్తున్నారా? ముందు డాక్టర్‌కు చెప్పండి

మన ఇళ్లలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టడం మామూలే. కానీ పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. అన్నంలోని పిండి పదార్థం షుగర్ ఉన్న పిల్లికి మంచిది కాదు. చాలా డ్రై ఫుడ్స్‌లోనూ పిండి పదార్థం ఎక్కువే. ప్రొటీన్ ఎక్కువ, పిండి తక్కువ ఉండే తిండికి మార్చమని డాక్టర్లు చెబుతారు.

అయితే ఒక జాగ్రత్త. ఇన్సులిన్ వేస్తూ ఉండగా తిండిని ఒక్కసారిగా మార్చేస్తే, నిన్నటిదాకా సరిపోయిన డోసు ఇవాళ ఎక్కువైపోతుంది. అందుకే తిండి మార్పు, డోసు మార్పు రెండూ డాక్టర్‌కు తెలిసే జరగాలి.

ఎంత పెంచినా తగ్గట్లేదంటే..

డోసు పెంచుకుంటూ పోయే ముందు వరసగా ఇవి చూసుకోవాలి. సిరంజి సరైనదేనా? మందు పాడైందా? మన ఎండాకాలంలో బండి డిక్కీలోనో, కారులోనో గంట ఉంచినా ఇన్సులిన్ దెబ్బతినొచ్చు. ఫ్రీజర్‌లో గడ్డకట్టినా పనికిరాదు. ఫ్రిజ్‌లో కింది అరలోనో తలుపులోనో పెట్టాలి. స్పష్టంగా ఉండాల్సిన గ్లార్జిన్ మబ్బుగా కనిపిస్తే పారేయాలి. దాన్ని గట్టిగా ఊపకూడదు, నీళ్లు కలిపి పలచన చేయకూడదు.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా ఒక్కో పూట 5 యూనిట్లు దాటుతోందంటే వెనక వేరే కారణం వెతకాలి. పళ్ల చిగుళ్ల ఇన్ఫెక్షన్, మూత్రంలో ఇన్ఫెక్షన్, స్టెరాయిడ్ మందులు, గ్రోత్ హార్మోన్ అతిగా తయారయ్యే జబ్బు.. వీటిలో ఏదైనా కావొచ్చు.

సూది లేకుండా నోటి ద్వారా ఇచ్చే మందులూ వచ్చాయి. అమెరికాలో ఎఫ్‌డీఏ 2022 డిసెంబర్‌లో బెక్సాగ్లిఫ్లోజిన్‌కు, 2023లో వెలాగ్లిఫ్లోజిన్‌కు పిల్లుల కోసం అనుమతి ఇచ్చింది. కానీ ఇన్సులిన్ మీదే ఆధారపడిన పిల్లులకు అవి సరిపడవు. షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. ఇంట్లో మనుషులు వాడే అదే కోవ మాత్రలు ముక్క చేసి పిల్లికి ఇవ్వడం అసలే వద్దు.

శుభవార్త కూడా ఉంది

కుక్కలకు షుగర్ వస్తే దాదాపు జీవితాంతం ఇన్సులిన్ తప్పదు. పిల్లుల్లో అలా కాదు. తొందరగా గుర్తించి, సరైన తిండి, ఇన్సులిన్ ఇస్తే కొన్ని పిల్లులకు కొన్ని నెలల్లో సూది అవసరమే లేకుండా పోతుంది. దీన్నే రెమిషన్ అంటారు.

డోసు మీద నిఘా ఎందుకు పెట్టాలో ఇది మరో కారణం. పిల్లి బాగవుతున్న కొద్దీ దానికి కావాల్సిన ఇన్సులిన్ తగ్గుతుంది. "రెండు నెలలుగా ఇదే డోసు, బాగానే ఉంది కదా" అని చెక్ చేయకుండా వేస్తూ పోతే, కోలుకుంటున్న పిల్లికే షుగర్ పడిపోతుంది. డోసు తగ్గించాల్సి వస్తోందంటే భయపడొద్దు.. అది మంచి కబురే.

తుర్కయాంజాల్ వాళ్లు ఏం సిద్ధం చేసుకోవాలి?

దగ్గర్లోని పెట్ క్లినిక్‌లో చూపిస్తున్నా, పెద్ద పరీక్షలు అవసరమైతే రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఆస్పత్రి ఉంది. ఎల్బీనగర్, ఆరాంఘర్ మీదుగా వెళ్లొచ్చు. లేదంటే బొంగుళూరు గేట్ దగ్గర ఔటర్ ఎక్కొచ్చు. ఓపీ టైమింగ్స్ ముందే కనుక్కోండి. రాత్రి పూట తెరిచి ఉండే క్లినిక్ ఏదో కూడా ఇవాళే తెలుసుకుని నంబర్ సేవ్ చేసుకోండి. పిల్లి పడిపోయాక సాగర్ రోడ్డు ట్రాఫిక్‌లో ఫోన్‌లో వెతుక్కుంటే టైమ్ పోతుంది.

ఫ్రిజ్ మీద అంటించే కాగితంలో ఈ ఐదూ ఉండేలా చూసుకోండి:

1. ఇన్సులిన్ పేరు, అది యూ-40నా యూ-100నా, సిరంజి మూత రంగు
2. ఇప్పుడున్న డోసు, ఎప్పటి నుంచి
3. ఏ నంబర్ కంటే తక్కువ ఉంటే సూది ఆపాలి
4. తినకపోతే ఏం చేయాలి
5. డాక్టర్ నంబర్, రాత్రి క్లినిక్ నంబర్

సూది వేసే ముందు ఒక్క అర నిమిషం.. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె, కాగితం మీద డోసు. మూడూ సరిపోతేనే వేయండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఇందులోని అంకెలు డాక్టర్లు పాటించే సాధారణ పద్ధతిని అర్థం చేసుకోవడానికే. మీ పిల్లి డోసు మార్చే ముందు తప్పనిసరిగా దాన్ని చూస్తున్న వెటర్నరీ డాక్టర్‌ను సంప్రదించండి.